జోర్డాన్ ఆడపడుచుల ఫుట్‌బాల్ చరిత్ర

ఫుట్‌బాల్ మాట యెత్తితే చాలు, మన పెద్దల ముఖాల్లో ఒక వెలుగు వస్తుంది. సయ్యద్ అబ్దుల్ రహీం గారి పేరు వినగానే ఛాతీ విప్పుకొని కూర్చుంటారు. బడిపంతులుగా పనిచేసిన ఆ మహనీయుడు హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్ది, 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు తెప్పించారు. ఆసియా క్రీడల్లో భారత జట్టుకు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ బంగారు పతకాలు దక్కింది ఆయన శిక్షణలోనే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు నాలుగో స్థానంలో నిలిచారు. 1963లో ఆయన కన్నుమూశారు. ఈ ముచ్చట్లు మన యిళ్ళల్లో యిప్పటికీ చెప్పుకుంటూనే వున్నాము. చెప్పుకోవలసినవే కూడా.

అయితే, మనం ఈ ముచ్చట్లు చెప్పుకునేటప్పుడు గుమ్మం దగ్గర మన ఆడపిల్లలు కూడా నిలబడి వింటూ వుంటారు. "అబ్బా, మరి ఆడపిల్లలు యెప్పుడైనా ఆడారా?" అని వాళ్ళు అడిగితే మనలో చాలామందికి వెంటనే జవాబు తోచదు. తోచకపోగా, "ఆడపిల్లలకు ఫుట్‌బాల్ యేమిటి బేటీ" అని నవ్వేసి వూరుకుంటాము. ఆ జవాబు కోసం వెతుకుతూ పోతే మాకు జోర్డాన్ అనే ఒక చిన్న దేశం కథ దొరికింది. గెలిచిన కప్పుల లెక్క చూస్తే అది గొప్ప కథేమీ కాదు. కాని లోకంలో యెక్కడ వున్నా సరే, తలగుడ్డ కట్టుకొని ఫుట్‌బాల్ ఆడాలనుకునే ప్రతి ఆడపిల్లకూ ఆ కథతో సంబంధం వున్నది. అందుకే ఈ సంచికలో మన సభ్యులకు, వారి కుటుంబాలకు దానిని వివరించాలని సంకల్పించాము.

చిన్న దేశం, పెద్ద చరిత్ర

జోర్డాన్ విస్తీర్ణం సుమారు 89 వేల చదరపు కిలోమీటర్లు. అంటే మన తెలంగాణ కన్నా చిన్నది. జనాభా కోటికి కొంచెం పైన. అందులో అధికభాగం యెడారి. నీటికి కటకట. పక్కనే వున్న దేశాలకు నూనెబావులు వున్నాయి గాని దీనికి ఆ భాగ్యం లేదు. ముస్లిములు యెక్కువమంది, క్రైస్తవులు కొద్దిమంది. పాలస్తీనా నుండి, ఇరాక్ నుండి, సిరియా నుండి ఇళ్ళు పోగొట్టుకొని వచ్చినవారికి ఆశ్రయమిచ్చిన నేల అది.

మన పాఠకులకు ఆ నేల కొత్తది కాదు. హిజ్రీ 8వ సంవత్సరంలో మూతా యుద్ధం జరిగింది అక్కడే. హజ్రత్ జైద్ బిన్ హారిసా, హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్, హజ్రత్ అబ్దుల్లా బిన్ రవాహా (ర.అ.) షహీద్ అయిన చోటు అది. ఆ పేరు మనం చిన్నప్పటి నుండి బయానుల్లో వింటూనే వున్నాము. ఆ దేశపు ఆడపిల్లలు బంతి ఆట ఆడి లోకపు చట్టాన్నే మార్పించారన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు.

జట్టు పుట్టుక

జోర్డాన్ ఫుట్‌బాల్ సంఘం 1949లోనే యేర్పడింది. అయితే యాభై యేళ్ళకు పైగా అది మగవారి ఆటగానే నడిచింది. 1999లో రాజు హుస్సేన్ కుమారుడు ప్రిన్స్ అలీ ఆ సంఘానికి అధ్యక్షుడయ్యారు. అప్పటికి ఆయన వయస్సు పాతికేళ్ళు కూడా లేవు. 2005లో మహిళల జాతీయ జట్టు రంగంలోకి దిగింది. అదే యేడు పశ్చిమ ఆసియా మహిళల మొదటి ఛాంపియన్‌షిప్ పోటీలు రాజధాని అమ్మాన్‌లోనే జరిగాయి. తొలిసారే జోర్డాన్ కప్పు గెలుచుకున్నది. 2007లో మళ్ళీ గెలిచింది.

అయితే ఇరుగుపొరుగు మీద గెలిచినంత తేలిక కాదు గదా పెద్ద జట్లతో తలపడడం! 2006లో దోహా ఆసియా క్రీడలకు వెళితే జపాన్, చైనా జట్లు చెరొక మ్యాచ్‌లో పదికి మించి గోల్స్ వేశాయి. మన వీధిలో పిల్లలైతే అంత వోటమి తరువాత బంతి చంకన పెట్టుకొని ఇంటికి పోతారు. వీళ్ళు పోలేదు.

ఆ జట్టులో గమనించదగ్గ విశేషం ఒకటున్నది. తలగుడ్డ కట్టుకొని ఆడేవాళ్ళు వున్నారు, కట్టుకోకుండా ఆడేవాళ్ళూ వున్నారు. ముస్లిముల పక్కన క్రైస్తవులు వున్నారు. చాలా యేళ్ళు జట్టుకు పేరు తెచ్చిన స్టెఫనీ అల్ నబర్ క్రైస్తవురాలే. గోల్స్ వేయడంలో అందరికన్నా పేరు పొందిన మైసా జబారా ఆమెతో కలిసి ముందు వరుసలో ఆడేది. యెవరి నెత్తిన యేమున్నదో జట్టులో యెవరికీ పట్టలేదు. పట్టించుకున్నది బయటివాళ్ళు.

తలగుడ్డ మీద నిషేధం యెలా వచ్చింది?

ఇక్కడ పాఠకులు కొంచెం చట్టం సంగతి తెలుసుకోవాలి. ఫుట్‌బాల్ ఆట నియమాలను ఫిఫా ఒక్కటే రాయదు. అందుకోసం ఇంటర్నేషనల్ ఫుట్‌బాల్ అసోసియేషన్ బోర్డు అని ఒక పాత సభ వున్నది. అందులో ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ సంఘాలకు తలా ఒక వోటు, ఫిఫాకు నాలుగు వోట్లు. మొత్తం ఎనిమిదిలో ఆరు వోట్లు వస్తేగాని ఒక నియమం మారదు. ఆ నియమాలలో నాలుగోది ఆటగాళ్ళ దుస్తుల గురించి చెబుతుంది. చొక్కా, నిక్కరు, మేజోళ్ళు, బూట్లు, కాలి ముందు కట్టుకునే రక్షణ పట్టీలు. ఇంతే. అప్పట్లో తలగుడ్డ ప్రసక్తి అందులో లేదు.

2007 ఫిబ్రవరిలో కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో చిన్నపిల్లల పోటీలు జరుగుతున్నాయి. పదకొండేళ్ళ ముస్లిం బాలిక ఒకతె తలగుడ్డతో ఆడుతుంటే రెఫరీ ఆమెను బయటికి పొమ్మన్నాడు. ఆమె జట్టు పిల్లలు, "మా నేస్తం లేకుండా మేము ఆడము" అని మొత్తం జట్టుకు జట్టే పోటీల నుండి వెళ్ళిపోయారు. ఆ సంగతి పెద్దల దాకా పోయింది. అదే యేడు మార్చిలో బోర్డు సమావేశమై, నాలుగో నియమం వున్నది వున్నట్టే అమలు చేయవలసిందని తేల్చింది. అంటే తలగుడ్డకు చోటు లేదన్నమాట.

దీనికి రెండు కారణాలు చెప్పేవారు. ఒకటి, మైదానంలో మతానికి, రాజకీయానికి సంబంధించిన గుర్తులు వుండరాదని. రెండు, యెవరైనా పట్టి లాగితే గుడ్డ మెడకు బిగుసుకొని ప్రాణాపాయం కలుగవచ్చునని. రెండో కారణంలో కొంత ఆలోచించవలసినది వున్నది, కాదనము. కాని తలగుడ్డ వల్ల మైదానంలో ఫలానా పిల్లకు దెబ్బ తగిలిందని చూపించడానికి వారి దగ్గర ఒక్క దాఖలా అయినా లేదు. లేని ప్రమాదం పేరు చెప్పి వున్న పిల్లలను బయట నిలబెట్టారు.

అమ్మాన్‌లో ఆ సాయంత్రం

2011 జూన్ 3వ తేదీ. అమ్మాన్‌లో లండన్ ఒలింపిక్స్ అర్హత పోటీ. జోర్డాన్, ఇరాన్ మహిళా జట్లు ఆడవలసి వున్నది. ఇరాన్ పిల్లలు తెల్లటి దుస్తులు వేసుకొని, తల, మెడ కప్పుకొని మైదానంలోకి వచ్చారు. ఆట మొదలు కావడానికి కొద్ది నిమిషాల ముందు అధికారులు, ఈ దుస్తులతో ఆడడానికి వీలు లేదన్నారు. దుస్తులలో మార్పులు చేసుకొనే వచ్చాము గదా అని ఇరాన్ వారు, ముందే చెప్పాము గదా అని ఫిఫా వారు. వాదన ముగిసింది గాని ఆట మొదలు కాలేదు. ఆడకుండానే జోర్డాన్‌కు 3–0 గెలుపు రాసేశారు.

ఆ పిల్లలు పచ్చిక మీద మోకాళ్ళ మీద కూలబడి యేడుస్తున్న ఫోటోలు ఆనాటి పత్రికలలో లోకమంతా చూసింది. యేళ్ళ తరబడి చేసిన సాధన, వేసుకొచ్చిన బూట్లు, ఇంట్లో వాళ్ళను వొప్పించి వచ్చిన రావడం, అన్నీ ఆ గీత దగ్గర ఆగిపోయాయి.

ఇందులో మరొక సంగతి అంతగా ప్రచారం కాలేదు. ఆ నిషేధం వల్ల ఆతిథ్యమిచ్చిన జోర్డాన్ జట్టు నుండి కూడా తలగుడ్డ కట్టుకునే ముగ్గురు ఆటగత్తెలు ఆ పోటీలకు దూరం కావలసి వచ్చింది. సొంత వూరు, సొంత మైదానం, సొంత జనం. అయినా ఆ ముగ్గురూ ఆడలేదు. గెలిచిన జట్టు కూడా ఆ రోజు గెలవలేదన్నమాట.

ఇంట్లో "నీకు ఆట యెందుకు" అంటారు. ఇల్లు దాటి వస్తే "నీ నెత్తిన గుడ్డ యెందుకు" అంటారు. మధ్యలో నలిగిపోయేది ఆ పిల్ల. ఈ సంగతిని మనం బాగా జ్ఞాపకం పెట్టుకోవాలి.

చట్టం మార్చిన పోరాటం

2011 జనవరిలో ప్రిన్స్ అలీ ఆసియా ఖండం తరఫున ఫిఫా ఉపాధ్యక్షుడిగా యెన్నికయ్యారు. అప్పటికి ఆయనకు 35 యేళ్ళు. జూన్‌లో తన వూళ్ళోనే జరిగిన ఆ ఘటన తరువాత ఆయన ఈ విషయాన్ని చేతిలోకి తీసుకున్నారు. ఆయన వాదన తీరు మనం నేర్చుకోదగ్గది. కేకలు వేయలేదు. మా మతాన్ని అవమానించారని వీధికెక్కలేదు. "ఇది మతచిహ్నం కాదు, ఒక సంస్కృతిలోని ఆడవాళ్ళు వేసుకునే దుస్తు. ప్రమాదం అంటున్నారు గనుక ప్రమాదం లేని గుడ్డ తెస్తాము, చూసి చెప్పండి" అనే దారి పట్టారు.

అలాంటి గుడ్డలు అప్పటికే తయారై వున్నాయి. నెదర్లాండ్స్‌కు చెందిన సిండీ వాన్ డెన్ బ్రెమెన్ అనే ఆమె, కెనడాలోని మాంట్రియల్‌లో వుంటున్న ఇలహామ్ సయ్యద్ జవాద్ అనే ఆమె విడివిడిగా వీటి నమూనాలు చేశారు. ఒకదానిలో గుచ్చుకునే పిన్నీసు బదులు అతుక్కునే పట్టీ, మరొకదానిలో అయస్కాంతం. యెవరైనా పట్టి లాగితే మెడకు బిగుసుకోకుండా చటుక్కున వూడి వస్తుంది. చూడబోతే చిన్న దర్జీపని. ప్రపంచ సభలు యేళ్ళ తరబడి తేల్చలేని ముడిని ఆడవాళ్ళ సూదీ దారమూ విప్పాయి.

2012 మార్చి 3న ఇంగ్లండ్‌లోని బాగ్‌షాట్‌లో బోర్డు సమావేశం జరిగింది. ప్రిన్స్ అలీ స్వయంగా వెళ్ళి విషయం వివరించారు. ఐక్యరాజ్యసమితి క్రీడా సలహాదారు విల్‌ఫ్రీడ్ లెమ్కె మద్దతుగా లేఖ రాశారు. ఆస్ట్రేలియా మాజీ క్రీడాకారిణి, ఆసియా సమాఖ్య ఉపాధ్యక్షురాలు మోయా డాడ్ కూడా సమర్థించారు. వీరిలో యెవరూ ముస్లిములు కారు. న్యాయమైన మాటకు అండ ఎటునుండైనా వస్తుందనడానికి ఇది నిదర్శనం. బోర్డు సూత్రప్రాయంగా వొప్పుకొని, వైద్యుల పరిశీలనకు పంపింది. మధ్యలో వైద్యులు కొన్ని అభ్యంతరాలు కూడా లేవదీశారు. నమూనాలు మళ్ళీ చూపించారు. 2012 జూలై 5న జూరిచ్‌లో ప్రత్యేక సమావేశం జరిగి, ప్రయోగాత్మకంగా అనుమతి లభించింది. 2014 మార్చి 1న అదే జూరిచ్‌లో అది శాశ్వతమైంది. గుడ్డ నలుపు రంగులో గాని, చొక్కా ముఖ్య రంగులో గాని వుండాలి, చొక్కాకు కలిపి కుట్టరాదు, వేలాడే కొసలు వుండరాదు, యెవరికీ ప్రమాదం కలిగించరాదు. ముఖ్యమైన షరతులు ఇవే.

మన పాఠకులు తప్పక తెలుసుకోవలసినది మరొకటున్నది. 2013లో అదే క్యూబెక్ రాష్ట్రంలో సిక్కు పిల్లలను తలపాగాతో ఆడనివ్వమన్నారు. తలగుడ్డకు ఇచ్చిన అనుమతిని మగవారికి కూడా వర్తింపజేశారు గనుక ఆ సిక్కు పిల్లలకూ దారి దొరికింది. ముస్లిం ఆడపిల్లల కోసం తెరిచిన తలుపులో నుంచి సిక్కు మగపిల్లలు లోపలికి వచ్చారు. ఒకరి హక్కు కోసం నిలబడితే అది ఒకరితో ఆగదు.

మైదానంలో యేమి జరిగింది?

చట్టం మారినంత మాత్రాన గోల్స్ పడవు గదా! జట్టు సంగతికి వద్దాం. 2013లో అమ్మాన్‌లో జరిగిన అర్హత పోటీలలో ఉజ్బెకిస్తాన్, లెబనాన్, కువైట్ జట్లను వోడించి జోర్డాన్ ఆసియా కప్పుకు యెంపికయ్యింది. అరబ్బు దేశాలలో ఆ గౌరవం పొందిన మొట్టమొదటి మహిళా జట్టు అదే. 2014 మే నెలలో వియత్నాంలో పోటీలు. వియత్నాం చేతిలో 3–1, ఆస్ట్రేలియా చేతిలో 3–1, జపాన్ చేతిలో 7–0. మూడూ వోటములే. కాని జపాన్ అప్పటి ప్రపంచ విజేత. 2006లో పది దాటిన లెక్క ఏడుకు దిగింది. ఆస్ట్రేలియా మీద ఒక గోల్ వేశారు. లెక్క తెలిసినవాళ్ళకు అది వోటమిలోనే ఎదుగుదల అని అర్థమవుతుంది.

2016 సెప్టెంబర్ 30 నుండి అక్టోబర్ 21 వరకు పదిహేడేళ్ళ లోపు ఆడపిల్లల ప్రపంచ కప్పు జోర్డాన్‌లో జరిగింది. మధ్యప్రాచ్యంలో ఫిఫా మహిళల పోటీలు జరగడం అదే ప్రథమం. అమ్మాన్, ఇర్బిద్, జర్ఖా పట్టణాలలో పదహారు దేశాల పిల్లలు ఆడారు. ఆ పోటీల నిర్వహణ బాధ్యత మోసినది కూడా ఒక మహిళే. ఒలింపిక్స్‌లో ఈత పోటీలలో పాల్గొన్న సమర్ నస్సార్. తరువాతి కాలంలో ఆమె జోర్డాన్ ఫుట్‌బాల్ సంఘానికి ప్రధాన కార్యదర్శి కూడా అయ్యారు. మొదటి రోజు స్పెయిన్ జట్టు జోర్డాన్ పిల్లల మీద ఆరు గోల్స్ వేసింది. అయినా ఆ రోజునే చరిత్ర రాసుకున్నది. ఫిఫా పోటీలలో తలగుడ్డతో మొదటిసారి ఆడినవాళ్ళు ఆ జోర్డాన్ పిల్లలే. అయిదేళ్ళ క్రిందట ఏ వూళ్ళో ఆడపిల్లలను యేడిపించి పంపారో, అదే వూళ్ళో.

2018 ఏప్రిల్‌లో పెద్దల ఆసియా కప్పు కూడా అమ్మాన్‌లోనే జరిగింది. జోర్డాన్ ఫిలిప్పీన్స్ చేతిలో 2–1, థాయిలాండ్ చేతిలో 6–1, చైనా చేతిలో 8–1 వోడింది. ప్రతి మ్యాచ్‌లో ఒక గోల్ మాత్రం వేసింది. పశ్చిమ ఆసియాలో మాత్రం దానిదే పైచేయి. 2014, 2019, 2022 పోటీలలో గెలిచి, 2024లో జిద్దాలో అతిథిగా వచ్చిన నేపాల్‌ను పెనాల్టీలలో వోడించి, ఆరోసారి కప్పు అందుకున్నది. ఒకప్పుడు ఆడవాళ్ళకు స్టేడియంలో కాలుపెట్టే అనుమతి కూడా లేని సౌదీ అరేబియా గడ్డ మీద ఆడపిల్లల కప్పు పోటీలు జరగడమే ఒక విశేషం.

మైదానం బయట కూడా కొంత పని జరిగింది. 2012లో సిరియా శరణార్థుల కోసం జోర్డాన్ ఉత్తర భాగంలో జాతరీ శిబిరం తెరిచారు. డేరాల మధ్య, దుమ్ములో, అక్కడి ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పించే యేర్పాటు ప్రిన్స్ అలీ స్థాపించిన ఆసియా ఫుట్‌బాల్ అభివృద్ధి సంస్థ వారు చేశారు. ఇల్లు, వూరు పోయిన పిల్లకు రోజుకు గంటసేపు బంతి వెనుక పరుగెత్తడం యెంత వూరటో తల్లిదండ్రులకు చెప్పనవసరం లేదు.

ఒక మచ్చ

చరిత్ర రాసేటప్పుడు మంచి ఒక్కటే రాస్తే అది చరిత్ర కాదు, పొగడ్త అవుతుంది. కాబట్టి ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. 2021 సెప్టెంబర్ 25న తాష్కెంట్‌లో ఆసియా కప్పు అర్హత కోసం జోర్డాన్, ఇరాన్ మళ్ళీ యెదురుపడ్డాయి. పదేళ్ళ క్రిందట ఆడకుండానే ముగిసిన ఆట ఈసారి నిజంగా జరిగింది. గోల్స్ లేవు. పెనాల్టీలలో ఇరాన్ 4–2 తో గెలిచి, మొదటిసారి ఆసియా కప్పుకు యెంపికయ్యింది. ఆ గెలుపులో వారి గోల్‌కీపర్‌దే ప్రధాన పాత్ర.

తరువాత నవంబరులో జోర్డాన్ సంఘం, ఆ గోల్‌కీపర్ ఆడదేనా అని విచారణ జరపాలని ఆసియా సమాఖ్యకు లేఖ రాసింది. ప్రిన్స్ అలీ ఆ లేఖను లోకానికంతా తెలియజేశారు. ఆ యువతి, తాను స్త్రీనేనని, ఇది తనను వేధించడమేనని బాధపడింది. ఒక ఆడపిల్ల నెత్తిన గుడ్డ చూసి ఆపడం తప్పని చెప్పి గెలిచినవారే, మరొక ఆడపిల్ల దేహాన్ని చూసి సందేహించమని బహిరంగంగా అడిగారు. మాకు ఇది చదివినప్పుడు మనసు చివుక్కుమన్నది. మంచి పని చేసినవారు మళ్ళీ తప్పు చేయరని లేదు. నిన్న మన పిల్లకు జరిగిన అన్యాయాన్ని రేపు వోటమి బాధలో మనమే పక్కవాళ్ళ పిల్లకు చేయకుండా చూసుకోవాలి. జోర్డాన్ కథలో ఇది కూడా ఒక పాఠమే. 2025 జూలైలో అమ్మాన్‌లోనే జరిగిన అర్హత పోటీలలోనూ ఇరాన్ జట్టే ముందుకు వెళ్ళింది.

కథ ముగిసిందా?

2023 జూలై 30న ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో మహిళల ప్రపంచ కప్పు మ్యాచ్. మొరాకో తరఫున నుహైలా బెంజీనా తలగుడ్డతో బరిలోకి దిగింది. పెద్దల ప్రపంచ కప్పులో అలా ఆడిన మొదటి స్త్రీ ఆమె. ఆ రోజు మొరాకో దక్షిణ కొరియాను 1–0 తో వోడించింది కూడా. ఆమె ఆ రోజు ఆడగలిగింది అంటే, అమ్మాన్‌లో కూలబడిన పిల్లల కన్నీళ్ళు, జూరిచ్‌లో పడిన వోట్లు, రెండు దేశాల ఆడవాళ్ళ కుట్టుపని దాని వెనుక వున్నాయి.

కాని పని పూర్తి కాలేదు. అదే 2023లో, బెంజీనా ఆడడానికి సుమారు నెల ముందు, జూన్ 29న ఫ్రాన్స్‌లో వున్నత పాలనా న్యాయస్థానం, అక్కడి ఫుట్‌బాల్ సంఘం మ్యాచ్‌లలో తలగుడ్డ నిషేధించడం చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. లోకమంతటికీ వర్తించే ఆట నియమం సరే అంటున్నది. ఒక దేశపు నియమం కాదంటున్నది. అక్కడి పిల్లలు గీత బయటే నిలబడ్డారు.

మనకు దీనితో యేమి పని?

దూరపు దేశం కథ మనకెందుకని కొందరు అనవచ్చు. అంత దూరమేమీ కాదు. 2021లో గోకులం కేరళ మహిళా జట్టు జోర్డాన్‌లోని అఖబా రేవు పట్టణంలో అమ్మాన్ క్లబ్‌తో ఆడి వోడింది. 2022 జనవరి 20న నవీ ముంబైలో ఇరాన్ ఆడపిల్లలు తలగుడ్డలతోనే మన దేశపు జట్టుతో ఆడి 0–0 గా నిలువరించారు. 2022 ఏప్రిల్ 8న జర్ఖాలో మన జట్టు జోర్డాన్‌ను 1–0 తో గెలిచింది. ఆ గోల్ వేసినది మనీషా కల్యాణ్. భారత జట్టుకు ఆడిన గుగులోతు సౌమ్య మన నిజామాబాద్ జిల్లా పల్లెటూరి పిల్ల. అదే నిజామాబాద్ నుండి నిఖత్ జరీన్ బాక్సింగ్‌లో 2022లో, 2023లో ప్రపంచ విజేత అయ్యింది. ఆ పట్టణపు వీధుల్లో ఆడపిల్ల నిక్కరు వేసుకొని బాక్సింగ్ యేమిటని అడిగిన నోళ్ళే తరువాత పూలమాలలు తెచ్చాయి.

దీన్ సంగతి కూడా ఒక మాట చెప్పాలి. ప్రవక్త (స.అ.స.) తన సతీమణి హజ్రత్ ఆయిషా (ర.అ.)తో పరుగు పందెం వేసుకున్న సంగతి హదీసులలో వున్నది. మొదట ఆమె గెలిచారు. కొంతకాలానికి మళ్ళీ పరుగెత్తితే ఆయన గెలిచి, దానికి దీనికి సరిపోయిందని పరిహాసమాడారు. పరుగెత్తే ఆడదానిని చూసి నవ్వుతూ సంతోషించడం మనకు కొత్త నేర్చుకోవలసిన విషయం కాదు, మరచిపోయిన విషయం.

మేము చెప్పదలచినది ఒకటే. తలగుడ్డ కట్టుకోవాలా వద్దా అన్నది ఆ పిల్లకూ ఆమె మనస్సుకూ సంబంధించినది. కట్టుకున్నది గనుక ఆడరాదని బయటివాళ్ళు అనకూడదు. ఆడుతున్నది గనుక మర్యాద పోయిందని మనమూ అనకూడదు. జోర్డాన్ జట్టు ఈ రెండు మాటలకూ ఒకే మైదానంలో జవాబు చెప్పింది. కట్టుకున్న పిల్ల, కట్టుకోని పిల్ల, ముస్లిం, క్రైస్తవ, అందరికీ చొక్కా ఒకటే, బంతి ఒకటే.

మన ఆడపిల్లలు అయిదో తరగతి దాకా అన్నదమ్ములతో సమానంగా గల్లీలో పరుగెత్తుతారు. ఏడో తరగతికి వచ్చేసరికి ఆట మానేస్తారు. మానేయమని యెవరూ గట్టిగా చెప్పరు. ఆడుకునే చోటు వుండదు, నేర్పించే ఆడ టీచరు వుండదు, సాయంత్రం ఇంటికి తీసుకురావడానికి తోడు వుండదు. అంతే, దానంతటదే ఆగిపోతుంది. ఫీజులకు, పుస్తకాలకు మనం చందాలు వేసుకుంటున్నట్టే, వారానికి రెండు సాయంత్రాలు ఒక గ్రౌండు, నేర్పించడానికి ఒక ఆడ టీచరు, ఇంటికి తీసుకురావడానికి ఒక ఆటో, నాలుగు బంతులు చూసిపెట్టడం మన సభ్యులకు అసాధ్యమైన పని కాదు. ప్రపంచ కప్పు కోసం కాదు. ఆ పిల్ల ఒంట్లో రక్తం ఆడటం కోసం, వోడిపోయి మళ్ళీ లేవడం నేర్చుకోవడం కోసం.

పదికి మించి గోల్స్ తిన్న జట్టు ఇంటికి పోయి బంతిని అటక మీద పెట్టి వుంటే ఈ కథ లేదు. బెంజీనా లేదు, ఆ సిక్కు పిల్లల తలపాగా లేదు. వాళ్ళు మరుసటి రోజు మళ్ళీ గ్రౌండుకు వచ్చారు. ఇక గుమ్మం దగ్గర నిలబడి వింటున్న మన అమ్మాయి, "ఆడపిల్లలు యెప్పుడైనా ఆడారా?" అని అడిగితే మన దగ్గర జవాబు వున్నది. ఆడారు బేటీ. ఆడుతున్నారు. బూట్లు కట్టుకో, సాయంత్రం గ్రౌండుకు మేము తీసుకుపోతాము.

అల్లాహ్ మన ఆడపిల్లలందరికీ ఆరోగ్యాన్ని, ధైర్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.